బొంబాయి వడాపావు మా యింట



అంగడిలో కొని తినిన వస్తువు రుచిగా నున్నయెడల దానిని ఇంటనే చేసికొనవలెనని తలచుట స్త్రీలకు సహజము. వ్యయము తగ్గుననియు, శుచిగా నుండుననియు, పిల్లలు బజారుతిండ్లకు అలవడకుందురనియు మనము చెప్పుకొను కారణములు పెక్కులు. నేను చెప్పబోవు విషయమున కారణము వేఱు. నేనెన్నడును తినియుండని యొక వస్తువును, దానిని తిని నలువదియేండ్లు దాటిన మా అత్తగారి జ్ఞాపకమే ఆధారముగా, మా యింటి పొయ్యిమీద చేయవలసివచ్చినది. మూడు పర్యాయములు చెడగొట్టితిని. నాలుగవ పర్యాయము కుదిరినది. చెడిన విధమును కుదిరిన విధమును గూడ దాపరికము లేక చెప్పెదను. ఎక్కడ చెడునో తెలిసిననే గాని ఎట్లు కుదురునో మనసున నిలువదు.

ఆ వస్తువు బొంబాయి వడాపావు. పావు అనగా చిన్న మెత్తని రొట్టె. దానిని నడుమకు చీల్చి, పొడికారము చల్లి, వేడివేడి ఆలుగడ్డ వడను అందుంచి, వేయించిన పచ్చిమిరపకాయ నంజుకొని తినుటయే వడాపావు. రెండు రొట్టెముక్కల నడుమ కూరనో మాంసమునో యుంచి తినుటను ఆంగ్లేయులు శాండ్‌విచ్ అందురు. 18వ శతాబ్దమున శాండ్‌విచ్ ప్రభువని బిరుదు వహించిన జాన్ మాంటేగ్యు పేరిట ఆ మాట పుట్టినది. జూదపుబల్ల విడిచి లేచుటకు మనసొప్పక ఆయన భోజనమును అట్లు తెప్పించుకొనెడివాడని కథ కలదు. మన వడాపావు మాత్రము రైలు స్టేషను గుమ్మమున, పనికి పరుగిడు కూలివారి తొందర వలన పుట్టినది.

అత్తగారి కోరిక

మాది సిరిసిల్ల ప్రాంతము. నా భర్త బడిపంతులు. మా మామగారు నేతపనివారు. మా వైపు పద్మశాలీలు బ్రతుకుతెరువు వెదకికొనుచు బొంబాయి, భివండీ, షోలాపురము, సూరతు పట్టణములకు పోవుట తరతరముల వాడుక. బొంబాయిలో కామాఠీపురమను పేటకు ఆ పేరు తెలుగుదేశమునుండి పోయి కూలిపనులు చేసిన కామాఠీల వలననే కలిగినది. నేడు ముంబయి యని పిలువబడుచున్న ఆ నగరమునకు మా అత్తగారు 1974లో, తమ పందొమ్మిదవయేట, కాపురమునకు పోయిరి. వర్లీలో ప్రభుత్వము 1920 తరువాతి సంవత్సరములలో కట్టించిన బీడీడీ చాళ్ళలో 160 చదరపుటడుగుల గది వారి యిల్లు. వంటయు, పడకయు, వచ్చిపోవు చుట్టములును సమస్తము ఆ గదిలోనే.

మామగారు మిల్లులో పాళీ దిగి వచ్చునపుడు, జీతము చేతికందిన నాడు తప్పక, వార్తాపత్రిక ముక్కలో చుట్టించి రెండు వడాపావులు తెచ్చెడివారట. ఆయన మరాఠీ చదువ నేర్చినది ఆ కాగితపు ముక్కల మీదనేయట. నూనె మరకల నడుమ అక్షరములు కూడబలుకుకొని, తెలియని మాటను మఱునాడు ప్రక్కమగ్గము వాని నడిగి తెలిసికొనెడివారట. బడిమొగము నాలుగేండ్లే చూచిన ఆయనకు తన కడుపున పుట్టినవాడు పంతులు కావలెనను కోరిక అప్పుడే మనసున పడెనట. ఇవన్నియు అత్తగారు నాకు ఈ మధ్య చెప్పిన మాటలు. అంతకు ముందు నే నెఱుగను.

1982 జనవరి 18వ తేదీన బొంబాయి బట్టలమిల్లుల సమ్మె మొదలైనది. దత్తా సామంత్ నాయకత్వమున సుమారు రెండున్నర లక్షల కార్మికులు పని మానిరి. ఏడాదికి పైగా సాగియు ఆ సమ్మె గెలుపు లేకయే కరగిపోయినది. పెక్కు మిల్లులు మరల పూర్వస్థితికి రాలేదు. వేలకొలది కుటుంబములు చెదరిపోయినవి. మా అత్తమామలు 1983లో ఏడాది నిండిన బిడ్డను చంకనెత్తుకొని ఊరు చేరిరి. ఆ బిడ్డయే నా భర్త. మామగారు మరమగ్గముల మీద పనిచేసి, కొడుకును తాము కోరినట్లే పంతులును చేసి, 2018లో కాలము చేసిరి. ఓడి వచ్చిన ఊరి మాట గనుక కాబోలు, బొంబాయి పేరు ఆ యింట ఎవ్వరును ఎత్తెడివారు కారు. కోడలినై వచ్చిన పదునాఱేండ్లలో నేను ఒక్కనాడైనను వినలేదు.

ప్రతి సంవత్సరము భాద్రపద అమావాస్య నాడు, మేము పెత్రమాస యని పిలుచు దినమున, పోయిన పెద్దలకు ప్రియమైన వంటకములు చేసి వారి పటము ముందు పెట్టుదుము. గారెలు, పాయసము, మాంసపుకూర మా యింటి వాడుక. గడచిన పెత్రమాసకు మూడు వారములు ముందుగా, చాటలో బియ్యము ఏరుచున్న అత్తగారు ఉన్నట్లుండి, "మీ మామకు వడాపావంటె పానం బిడ్డా. ఒక్కపారి గది పెడితె మంచిగుండు" అనిరి. ఆవిడ నోరు తెఱచి నన్ను ఒక వస్తువు అడుగుట అదియే మొదలు.

"దానికేముంది అత్తమ్మా, చేసిపెడ్త" అంటిని. వంటలో నాకు గల గర్వము అటువంటిది.

ఈ తిండి ఎక్కడిది

చేయుటకు ముందు దాని పుట్టుపూర్వోత్తరములు కొంత తెలిసికొంటిని. 1966లో దాదరు స్టేషను వెలుపల అశోక్ వైద్య అను నాతడు ఆలుగడ్డ వడను పావులో పెట్టి అమ్మ మొదలిడెనని ఎక్కువమంది చెప్పుదురు. దాదరు, పరేలు, వర్లీ ఆనాడు మిల్లులకు నెలవులు. విస్తరి అక్కఱలేదు, కూర్చుండు చోటు అక్కఱలేదు. ఒక చేత పట్టుకొని నడచుచునే తినవచ్చును. కడుపు నిండును, ధర స్వల్పము. అట్టి తిండి కార్మికులకు ప్రియమగుటలో వింత లేదు.

అందలి వస్తువులలో సగము సముద్రము దాటి వచ్చినవే. 1510లో గోవాను పట్టుకొన్న పోర్చుగీసువారి రొట్టెయే పావు. ఆ మాటయు వారిదే. ఆలుగడ్డయు మిరపకాయయు అమెరికా ఖండమునుండి వచ్చినవి. మరాఠీవారు ఆలుగడ్డను బటాటా యనుట పోర్చుగీసువారి వాడుకయే. మా తాతగారు మగ్గపుగుంటలో కూర్చుండి నాకు అమరకోశము వల్లెవేయించిరి గాని, అందులో ఎంత వెదకినను ఆలుగడ్డకు పేరు దొరకదు. నన్నయ తిక్కనల నాడు మన వంటయిండ్లలో మిరపకాయ లేదు; కారమునకు మిరియమే దిక్కు. శనగపిండి, వెల్లుల్లి, పసుపు, ఇంగువ, కరివేపాకు మాత్రము మనకు పాతచుట్టములు. ఇట్లు దూరపువారును దగ్గఱవారును కలిసి కాపురము చేయు తిండి యిది. ఆ కాపురము కుదుర్చుట సులభమని నేను తలచుటయే పొరపాటు.

చెడిన మూడు పర్యాయములు

సమీప పట్టణమున ఒక దుకాణమువారు వడాపావు అమ్ముచున్నారని విని నా భర్త మొదట దానినే తెచ్చిరి. అందులో తీపి సాసు, క్యాబేజి తురుము, ఉల్లిచక్రములు ఉండెను. అత్తగారు ఒక తునక నోట వేసికొని, "మంచిగనే ఉన్నది" అని ప్రక్కన పెట్టిరి. ఆ మాటకు అర్థము మన యిండ్లలో అందఱకును తెలిసినదే.

మఱునాడు నేను పూనుకొంటిని. పూరీలకు చేయు ఆలుగడ్డ కూరయే గదా యని ఉల్లిపాయ, క్యారెటు, పచ్చిబఠాణీ, గరంమసాలా వేసి కూర చేసి, శనగపిండిలో ముంచి వేయించితిని. బేకరీనుండి తెచ్చిన తీపి బన్నులో పెట్టి యిచ్చితిని. ఉల్లిపాయ నీరూరి వడలు పగిలి నూనె త్రాగినవి. బన్ను తీపియు వడ కారమును పోట్లాడుకొన్నవి.

రెండవమాఱు రొట్టెయు ఇంటనే చేయ నిశ్చయించితిని. మైదా మంచిది కాదని గోధుమపిండి తీసికొంటిని. ఈస్టు త్వరగా పొంగవలెనను ఆతురతతో పాలను పొగలు వచ్చునంతగా కాచి అందు పోసితిని. ఈస్టు ప్రాణము గల సూక్ష్మజీవి. గోరువెచ్చదనమున అది మేల్కొని, పిండిలోని చక్కెరను తిని, వాయువును విడుచును. ఆ వాయువే రొట్టెను పొంగించును. 60 డిగ్రీల దరికి వేడి చేరినచో అది చచ్చును. నా పిండి మూడు గంటలున్నను కదలలేదు. కాల్చిన రొట్టె సానరాయివలె నుండెను. దానిని ఆవుకు పెట్టితిమి.

మూడవమాఱు మైదాతో, గోరువెచ్చని పాలతో చేయగా పిండి చక్కగా పొంగినది. ఉండలను ఎడమెడముగా పళ్ళెరమున పేర్చి కాల్చితిని. ప్రతి రొట్టెకును నలుదిక్కుల గట్టిపెచ్చు కట్టినది. లోపల పచ్చికొబ్బరి పచ్చడి దట్టముగా పూసి వడ నుంచితిని. తినులోపల రొట్టె అడుగు నాని చేతికంటుకొనెను. అత్తగారు సగము తిని, తక్కిన సగము మీద పళ్ళెము బోర్లించిరి.

నాకు కన్నీళ్ళు తిరిగినవి. పెత్రమాస ఇంక ఆఱు దినములే. "అత్తమ్మా, ఏం తక్కువైంది? చెప్పుండ్రి" అని అడిగితిని.

ఆవిడ కొంతసేపు నా మొగము చూచి, "తక్కువ కాలె బిడ్డా, ఎక్కువైంది" అనిరి.

భారతమున నలోపాఖ్యానము మీరు చదివియే యుందురు. మాఱురూపమున నున్న నలుడు వండిన మాంసమును తెప్పించి రుచిచూచి, అది తన భర్త చేతివంటయేయని దమయంతి గుర్తించును. చిన్నతనమున ఆ ఘట్టము చదివినపుడు నేను నలుని పాకమును మెచ్చుకొంటిని. ఇప్పుడు దమయంతి నాలుక గొప్పదని తోచినది. మా యింట ఆ రుచి నెఱిగిన నాలుక ఒక్కటే యుండెను. నేను మూడు పర్యాయములును ఆ నాలుకను అడుగక నా తెలివిని అడిగితిని. ఉల్లిపాయ నా తెలివి. గోధుమపిండి నా తెలివి. పచ్చికొబ్బరియు నా తెలివియే.

ఆ సాయంకాలము అత్తగారు పొయ్యి దగ్గఱ పీట వేసికొని కూర్చుండిరి. ఒక్కొక్కటిగా తీసివేయించిరి. ఉల్లిపాయ లేదు. క్యారెటు లేదు. గరంమసాలా లేదు. కారము తడిగా నుండరాదు, పొడిగా నుండవలెను. రొట్టెల మాట అడుగగా, "చాళ్ళల్ల ఇండ్ల లెక్క ఒకదాన్నొకటి ఆనుకోని ఉండాలె" అనిరి. ఆ యొక్క మాటతో పావు రహస్యము నాకు బోధపడినది. పావులు ఆనుకొని పెరిగినప్పుడు ప్రక్కలకు నిప్పుసెగ సూటిగా తగులదు. అందుచేత అక్కడ పెచ్చు కట్టక దూదివలె మెత్తగా నుండును. వానిని ఒకదానినుండి యొకటి చింపి తీయుదురు. అట్టి పలక నంతటిని మరాఠీవారు లాదీ యందురు.

చేయు విధము

ఇచ్చట చెప్పు కొలతలు తొమ్మిది వడాపావులకు.

పావులకు మైదా 300 గ్రాములు, పొడి ఈస్టు 5 గ్రాములు, చక్కెర 20 గ్రాములు, ఉప్పు ఒక చిన్నచెంచా, పాలు 120 మిల్లీలీటర్లు, నీరు 80 మిల్లీలీటర్లు, వెన్న 30 గ్రాములు కావలెను. పాలును నీరును కలిపి గోరువెచ్చగా చేయవలెను. అందు వేలుంచి పది లెక్కించువఱకు సుఖముగా నోర్చుకొనగలిగినచో తగిన వేడి యని తెలియునది. చక్కెర, ఈస్టు అందు కలిపి పది నిమిషములుంచిన పైన నురుగు తేలును. నురుగు రానిచో ఈస్టు పాతదని గ్రహించి అక్కడనే ఆగుడు. మైదా వృథా కాకుండును. నురుగు వచ్చిన పిమ్మట మైదా, ఉప్పు చేర్చి పిసికి, తుదను వెన్న వేసి, పండ్రెండు మొదలు పదునైదు నిమిషములు మర్దించవలెను. మొదట పిండి చేతికంటుకొనును. భయపడి మైదా చల్లకుడు. పిసుకగా పిసుకగా దానంతట అదియే నునుపెక్కి చేతిని విడుచును.

తడిబట్ట కప్పి ఒక గంట యుంచిన ఇనుమడించును. చలిదినములలో ఇంకను ఎక్కువసేపు పట్టవచ్చును. గాలి అణగునట్లు మెల్లగా ఒత్తి, తొమ్మిది ఉండలు చేసి, వెన్న రాచిన చదరపు పళ్ళెరమున వ్రేలెడు సందు మాత్రము విడిచి పేర్చవలెను. అరగంటకు పైగా నుంచినచో పొంగి ఒకదానినొకటి తాకును. అప్పుడు పైన పాలు రాచి, ముందుగా 200 డిగ్రీలకు వేడిచేసిన ఓవెనులో పదునైదు మొదలు పదునెనిమిది నిమిషములు కాల్చవలెను. తీసిన వెంటనే వెన్న రాచి పలుచని తడిబట్ట కప్పుడు, పైపెచ్చు మెత్తబడును.

ఓవెను లేనివారు విచారింపనక్కఱలేదు. మా యింటను లేదు. మందమైన పెద్ద గిన్నెలో రెండు వ్రేళ్ళమందము ఉప్పు పోసి, పైన చిన్న కుదురుంచి, మూతపెట్టి పది నిమిషములు కాచి, పళ్ళెరమును అందుంచి మధ్యమపు సెగమీద ఇరువదియైదు మొదలు ముప్పది నిమిషములు కాల్చితిని. పైభాగమునకు రంగు రాదు. ఆ కొఱతకు పావులను వెన్న పూసిన పెనముమీద బోర్లించి ఒక నిమిషముంచిన చాలును.

పొడికారము ముందు దినముననే చేసికొనవచ్చును. వెల్లుల్లి రెబ్బలు ఇరువది చెంచాడు నూనెలో పచ్చివాసన పోవువఱకు వేయించవలెను. కుడుక తురుము అరకప్పు, పల్లీలు రెండు పెద్దచెంచాలు, నువ్వులు ఒక పెద్దచెంచా విడివిడిగా దోరగా వేయించి చల్లార్చవలెను. ఎఱ్ఱకారము రెండు పెద్దచెంచాలు, తగినంత ఉప్పు చేర్చి రోటిలో పలుకుగా దంచవలెను. మిక్సీ వాడువారు ఆపియాపి త్రిప్పవలెను. ఏకధాటిగా త్రిప్పిన నూనె విడిచి ముద్దయగును. ఇది మన ఎల్లిపాయకారమునకు అక్కవంటిది. దానిని చేసెడివారికి దీని చేత చేతివ్రేళ్ళలోనే యుండును.

వడలకు ఆలుగడ్డలు అరకిలో తొక్కతోనే ఉడికించి, ఒలిచి, వేడి యుండగనే చిదుపవలెను. తొక్క తీసి ఉడికించిన నీరు పట్టును. నీరు పట్టిన వడ పగులును. మెత్తని ముద్ద చేయక అక్కడక్కడ పలుకులు మిగులనిండు. పచ్చిమిరపకాయలు ఆఱు, వెల్లుల్లి రెబ్బలు పది, వ్రేలెడు అల్లము కచ్చాపచ్చాగా దంచుకొనవలెను. ఒకటిన్నర పెద్దచెంచాల నూనెలో ఆవాలు చిటపటలాడించి, ఇంగువ, కరివేపాకు, దంచిన ముద్ద వేసి నిమిషముసేపు వేయించి, పసుపు అరచెంచా వేసి దింపవలెను. దానిని ఆలుగడ్డలో కలిపి, ఉప్పు, తఱిగిన కొత్తిమీర, కొంచెము నిమ్మరసము చేర్చి, బాగుగా చల్లాఱిన పిమ్మట తొమ్మిది ఉండలు చేయునది.

శనగపిండి 125 గ్రాములలో ఉప్పు, చిటికెడు పసుపు, కొద్దిగా కారము, చిటికెడు వంటసోడా, చెంచాడు కాగిన నూనె వేసి, కొంచెము కొంచెముగా నీరు పోసి కలుపవలెను. ఉండను ముంచి తీసినప్పుడు పిండి పలుచని కవచమువలె అంటుకొనియుండవలెను. చుక్క పిండి నూనెలో వేసిన మునిగి వెంటనే తేలినచో నూనె సిద్ధము. నాలుగేసి వడలు మాత్రమే వేసి బంగారువన్నె వచ్చువఱకు వేయించునది. గుంపుగా వేసిన నూనె చల్లబడి వడలు జిడ్డు పట్టును.

మిగిలిన పిండిని వ్రేళ్ళతో నూనెలో చిలుకరించి, కఱకఱలాడు ముక్కలను తీసి పొడికారములో నలిపి కలుపవలెను. దీనిని చూరా యందురు. నేను దీనిని ఎఱుగనే యెఱుగను. "చూరా లేకుంటె గది ఉత్త బోండనే" అని అత్తగారు నవ్విరి. తుదను పచ్చిమిరపకాయలను చీల్చి, నూనెలో వేసి పొక్కులు రాగానే తీసి ఉప్పు చల్లవలెను. చీల్చక వేసిన పేలి మీద చిందును, జాగ్రత్త.

పావును పూర్తిగా విడిపోకుండ చీల్చి, రెండు వైపుల పొడికారము చల్లి, వడను పెట్టి అరచేత మెల్లగా నొక్కవలెను. వేడి వడయందలి ఆవిరికి పావు లోపల మెత్తబడి, కారము దాని కంటుకొనును. ఆ క్షణముననే తినవలెను. చేసి దాచునది కాదు.

పెత్రమాస నాడు

ఆ దినము ఉదయము గారెలు, పాయసము యథావిధిగా చేసితిమి. వడాపావులు అన్నిటికంటె కడపట వేయించితిని. మోదుగాకు విస్తరిలో రెండు పెట్టి మామగారి పటము ముందుంచబోగా నా భర్త ఆగుమని లోపలికి పోయిరి. భివండీ చుట్టములు చీరెలమూటకు చుట్టి పంపిన మరాఠీ వార్తాపత్రిక ముక్క యొకటి దాచియుంచిరట. దానిని తెచ్చి విస్తరి క్రింద పఱచిరి. హిందీ లిపియే గనుక వారికి అక్షరములు తెలియును, భాష రాదు. వంగి ఒక పంక్తిని బడిపిల్లవానివలె కూడబలుకుకొని చదివిరి. అత్తగారు ఆ చదువును వినుచు కదలక నిలుచుండిరి.

దండము పెట్టిన పిమ్మట పటము ముందరి వడాపావులలో నొకదానిని ఆవిడ తీసికొని, చేతితో రెండుగా చింపి, సగము కొడుకు చేతిలో పెట్టిరి. సమ్మె దినములలో రెండింటికి మాఱుగా ఒకటే తెచ్చుకొని ఇరువురును అట్లు సగము సగము తినెడివారమని అప్పుడు చెప్పిరి. తమ సగమును నిలుచుండియే తినిరి. నేను మొగము చూచుచు ఊపిరి బిగబట్టితిని.

"కారం జర ఎక్కువైంది" అని, నీళ్ళు త్రాగి, "మీ మామకు గట్లనే ఇష్టముండె" అనిరి.

ఆ సాయంత్రము ఎంగిలిపూల బతుకమ్మ ఆడి వచ్చిన పిమ్మట, ఇంటిలోని పిల్లలు తక్కినవి తినుచుండగా, అత్తగారు వారికి చాళ్ళ సంగతులు చెప్పిరి. కుళాయి దగ్గఱ వరుసలు, పాళీ మాఱునపుడు మిల్లుల కూతలు, వానకాలమున నీటమునిగిన రోడ్లు. నలువదియేండ్ల మాటలు ఒక్క రాత్రి చాలలేదు.

కొన్ని హెచ్చరికలు

వడాపావు మైదాయు నూనెయు గల తిండి. దినదినము తినునది కాదు. నెలకొక పర్యాయము, పండుగకో పుట్టినదినమునకో చేసికొనిన ముచ్చట తీఱును. వేయించిన నూనెను మరలమరల కాచి వాడకుడు. చిన్నపిల్లలకు పొడికారము తగ్గించి పల్లీపొడి ఎక్కువ చేయునది.

వార్తాపత్రికలో వేడి తిండిని చుట్టుట మంచిది కాదు. అచ్చుసిరాలోని రసాయనములు వేడికిని నూనెకును తిండిలోనికి దిగునని ఆహార భద్రతాధికారులు హెచ్చరించియున్నారు. మా మామగారి కాగితమును నేను విస్తరి క్రిందనే యుంచితిని గాని తిండికి తగులనీయలేదు. మోదుగాకైనను, అరటియాకైనను శ్రేష్ఠము.

సోదరీమణులారా, మీ యింటను ఏ పట్టణముననో కాపురము చేసి వచ్చిన అత్తగారో, తల్లియో, మేనత్తయో యుండవచ్చును. అచ్చట వారికి ప్రియమైన తిండి యేదని ఒకసారి అడిగి చూడుడు. అడిగినపుడు కలము కాగితము దగ్గఱ నుంచుకొనుడు. వారు చెప్పినది చెప్పినట్లు మొదట చేయుడు. మన సవరణలకు తరువాత కావలసినంత కాలమున్నది.

మొన్న మఱల బియ్యము ఏరుచు అత్తగారు, చాళ్ళలో తమ ప్రక్కగది కొంకణపు ఆవిడ మొలకెత్తిన గింజలతో ఉసల్ అను కూర చేసెడిదని, అది తిని ఎన్నాళ్ళయినదో యని అనిరి. ఈ మాఱు "దానికేముంది" అనలేదు. పీట తెచ్చి పొయ్యి దగ్గఱ వేసితిని.